విక్రాంత్ వేషం కట్టిన ఓడని

నేను డిస్ట్రాయర్ తరగతి యుద్ధనౌకని. 1942లో స్కాట్లండ్‌లోని క్లైడ్‌బ్యాంక్‌లో నీళ్లలో దిగాను. రోథర్‌హామ్ అన్న పేరుతో బ్రిటిష్ కొలువులో రెండో ప్రపంచయుద్ధం చూశాను. 1949లో భారత నౌకాదళంలో చేరి ఐఎన్‌ఎస్ రాజ్‌పుత్‌నయ్యాను. 1976లో నన్ను తుక్కు చేశారు. ఇంత బతుకులో జనానికి గుర్తున్నది ఒక్క రాత్రే: 1971 డిసెంబరు 3 అర్ధరాత్రి విశాఖ దగ్గర పాకిస్తాన్ జలాంతర్గామి ఘాజీని ముంచానని. నా కొలువును ఆ పేలుడుతో కొలవొద్దంటాను. అంతకుముందు కొన్ని రోజులు విక్రాంత్‌లా నటించడమే నేను చేసిన అసలు పని. అప్పటికి మనకున్న విమానవాహక నౌక అదొక్కటే, అదీ బాయిలరు పగుళ్లతో వేగం తగ్గి ఉంది. కరాచీ నుంచి బంగాళాఖాతం దాకా వచ్చి దాన్ని వేటాడగల సత్తా ఘాజీకే ఉంది. నవంబరు 14న అది బయలుదేరింది. తూర్పు నౌకాదళాధిపతి వైస్ అడ్మిరల్ కృష్ణన్ విక్రాంత్‌ను అండమాన్ దీవుల్లో దాచి, నన్ను విశాఖ బయట సముద్రంలో తిప్పారు. పెద్ద ఓడ పంపేటన్ని వైర్‌లెస్ సందేశాలు నాచేత పంపించారు. వేగుల చెవిన పడాలనే రేషన్ భారీగా కొనిపించారు. విక్రాంత్‌లోని నావికుడొకడు పంపినట్టుగా, అతని తల్లి జబ్బు గురించి రహస్యలిపి లేకుండానే సందేశం వదిలారు.

ఘాజీ నా దెబ్బకు మునగలేదనీ, దాని మైన్లే పేలాయనీ, లోపలే ప్రమాదం జరిగిందనీ పాకిస్తాన్ వైపు వాదన. ఆ రాత్రి రేవు దాటుతుండగా నీటిలో సుడి కనిపించి రెండు డెప్త్ ఛార్జీలు వదిలాను. కాసేపటికి ఊళ్లో కిటికీలు అదిరాయి. ఆ రెండిటికీ సంబంధం ఉందో లేదో చెప్పగలిగినవాళ్లు, 90 మందికి పైగా, ఘాజీతోనే పోయారు. వాళ్ల చావు మీద నేను గొప్పలు చెప్పుకోను. కానీ జాలర్లు ఒడ్డుకు తెచ్చిన శకలాలు దొరికింది విశాఖ ముంగిట, అండమాన్ దగ్గర కాదు. అది ఎలా పేలినా, ఎక్కడ పేలిందన్నది మాత్రం మారదు. విక్రాంత్ కోసం కాదు, రేవు ముందు మైన్లు పరచడానికే వచ్చిందని ఇంకొందరంటారు. విశాఖ తూర్పు నౌకాదళ కేంద్రం కాబట్టి అందుకూ వచ్చి ఉండవచ్చు, ఒప్పుకుంటాను. అయినా విక్రాంత్ అండమాన్‌లో ఉందని తెలిసుంటే ఘాజీ ఇక్కడ మైన్లు పరుస్తూ ఉండిపోయేదా?

2017లో తెలుగులో వచ్చిన ‘ఘాజీ’ సినిమా, ఒక భారత జలాంతర్గామి దాన్ని ముంచినట్టు కల్పించింది. పేలుడు చుట్టూ కథ అల్లవచ్చు, దొంగ సందేశాల చుట్టూ అల్లడం కష్టం. కానీ యుద్ధంలో పనికొచ్చింది అవే. డిసెంబరు 4న విక్రాంత్ మీది నుంచి సీహాక్ విమానాలు లేచి కాక్స్‌బజార్, చిట్టగాంగ్‌ల మీద దాడి చేశాయి. విక్రాంత్‌కు అడ్డుపడగల పాకిస్తాన్ జలాంతర్గామి బంగాళాఖాతంలో మరొకటి లేదు.