అరుగు మీద బంగారం

మా వీధికి పార్శిల్ వస్తే ఆ సంగతి తెలిసేవాళ్ల వరసలో నాది ఆరో స్థానం. మొదట తెలిసేది మూలమీది ఇస్త్రీ బండాయనకు. కొరియర్ పిల్లలందరూ అడ్రసు అడిగేది ఆయన్నే. ఆయన వేలు ఎటు చూపించిందో చూసి కిరాణా కొట్టామె లెక్క కడుతుంది. ఆమె నుంచి నల్లా దగ్గరికి, నల్లా దగ్గర్నుంచి డాబాల మీదికి వెళ్లి, ఆఖరికి నేను లుంగీ సర్దుకుని గేటు దగ్గరికి చేరేసరికి "సార్, మీ మిక్సీ జారొచ్చింది" అని ఎవరో ఒకరు చేతిలో పెడతారు. డబ్బా విప్పకముందే అది జారని మీకెట్లా తెలుసని అడగడం మా దిక్కు మర్యాద కాదు.

ఓటీపీ అనేది మనకూ, తెచ్చినవాడికీ మధ్య రహస్యమట. మా ఆవిడ ఆ రహస్యాన్ని పై అంతస్తు నుంచి కేకేసి చెబుతుంది. కింద పిల్లాడికి హెల్మెట్లో వినపడదు. రెండోసారి కేకేసేటప్పుడు ఆవిడ "ఏడు, మూడు..." అని తడబడితే, ఎదుటి వరసలో నీలం గేటింటాయన పేపర్లోంచి తలెత్తకుండానే "ఏడు, మూడు, మూడు, సున్నా" అని సరిదిద్దుతాడు.

ఇంత కాపలా ఉన్న వీధి నుంచి ఒక డబ్బా పోయింది. ఆ కథ చెప్పేముందు మా అడ్రసు సంగతి చెప్పాలి. మా ఇల్లు గోపాలపురంలో ఉంది. కట్టిన నాటి నుంచి అంగుళం కదల్లేదు. కానీ 2016 దాకా వరంగల్ జిల్లాలో ఉండేది, ఆ దసరాతో వరంగల్ అర్బన్‌లోకి పోయింది, 2021లో హనుమకొండ జిల్లాలోకి వచ్చింది. మంచం దిగకుండా మూడు జిల్లాలు తిరిగినవాళ్లం మేము. ఇక గోపాలపురాలూ రామ్‌నగర్‌లూ ఈ దేశంలో ఎన్నున్నాయో రాముడికీ గోపాలుడికీ కూడా తెలియదు. అందుకే గదా 1972 ఆగస్టు 15న పిన్‌కోడు పెట్టారు. దాన్ని రూపొందించిన శ్రీరామ్ భికాజీ వేలంకర్ తపాలా శాఖ అధికారి, పైగా సంస్కృత కవి. కవి కాబట్టే ఆరు అంకెల్లో ఊరిని ఇమిడ్చాడు. ఇస్త్రీ బండిని ఇమడ్చడం ఆయన వల్ల కూడా కాలేదు.

అసలు మా వీధికి ఈ చోరకళ కొత్తదేమీ కాదు. 'తులసిదళం' ఆంధ్రభూమిలో సీరియల్‌గా వస్తున్న కాలంలో మా అమ్మ కోసం మా నాన్న ఆ వారపత్రిక పోస్టులో తెప్పించేవాడు. మా ఇంటికి తాళం ఉంటే పోస్ట్‌మ్యాన్ పక్కింట్లో ఇచ్చిపోయేవాడు. తాళం ఎప్పుడుంటుందో పక్కింటివాళ్లకు మాకంటే బాగా తెలుసు. పత్రిక మా ఇల్లు చేరేసరికి నాలుగు రోజులయ్యేది. ఒక పేజీకి పసుపు వేలిముద్ర, ఇంకో పేజీకి అతుక్కున్న దోసగింజ. అమ్మ సర్దుకుంది. ఆ తర్వాత సీరియల్ పేజీలే లేకుండా పత్రిక రావడం మొదలైంది. అమ్మ ఉండబట్టలేక పోయి అడిగింది. "బైండింగు చేయిస్తున్నం వదినా, కథ అయిపోయినంక మీకే ఇస్తం" అన్నారట. అట్ట కూడా గట్టిదే వేయించారు. దొంగతనాన్ని ఇంత శ్రద్ధగా చేసినవాళ్లను ఏమనగలం?

మా వాడు డాలస్ పక్కన ఫ్రిస్కోలో ఉంటాడు. రెండేళ్లుగా వాడి ఫోన్లలో సగం దొంగల కథలే. అక్కడ పార్శిల్ తెచ్చినవాడు బెల్లు కొట్టి, వరండాలో పడేసి, ఫోటో తీసుకుని వెళ్లిపోతాడట. ఎవరి చేతికీ ఇవ్వడు. వెనకాలే ఇంకొకడు కారులో వచ్చి అవి ఏరుకుపోతాడు. వాళ్లను పోర్చ్ పైరేట్స్ అంటారు, అంటే వరండా సముద్రపు దొంగలన్నమాట. టెక్సస్‌లో 2019 నుంచి ఉత్తరాలు, పార్శిళ్ల దొంగతనానికి పదేళ్ల దాకా జైలు పెట్టారు. అయినా వాళ్లకు భయం లేదట.

నేను ముప్పై ఏళ్లు పిల్లలకు కాకతీయుల చరిత్ర చెప్పి రిటైరైనవాణ్ని. సముద్రపు దొంగలనగానే నోరు ఊరుకోదు. "మనకిది 1244లోనే తెలుసురా" అన్నాను. మోటుపల్లి రేవులో గణపతిదేవుడి అభయశాసనం ఉంది. అంతకు ముందు రాజులు గాలివానకు ఒడ్డుకు కొట్టుకొచ్చిన ఓడల్లో బంగారం, ఏనుగులు, గుర్రాలు, రత్నాలు ఏముంటే అవి ఊడ్చుకునేవాళ్లు. ఎవరి ఒడ్డుకు కొట్టుకొస్తే సరుకు వాళ్లదే, మా పక్కింటి వారపత్రిక న్యాయం. ఓరుగల్లు ప్రభువు మాత్రం, నిర్ణయించిన సుంకం తప్ప మిగతా సరుకు జోలికి పోమని రాయి మీద చెక్కించాడు. ఆ సుంకం ముప్పయ్యో వంతు. నేను ఏనుగుల దాకా వచ్చేసరికి మావాడు "డాడీ, మీటింగుంది" అని పెట్టేశాడు.

తర్వాత వాడొక వీడియో పంపాడు. నాసాలో పనిచేసిన మార్క్ రోబర్ అనే ఇంజినీరు తన వరండాలో పార్శిల్ పోయిందన్న కడుపుమంటతో 2018లో ఒక మాయడబ్బా తయారు చేశాడు. దొంగ దాన్ని విప్పగానే తళుకుల పొడి ఎగజిమ్ముతుంది, ముక్కు బద్దలయ్యే కంపు వదులుతుంది, లోపలున్న నాలుగు ఫోన్లు దొంగ మొహాన్ని నాలుగు దిక్కుల నుంచి వీడియో తీస్తాయి. మా ఆవిడ ఆసాంతం చూసి, "గంత తెలివి పెట్టి డబ్బా చేసే బదులు ఇంట్ల ఉండి పార్శిల్ తీస్కోరాదా ఆయన?" అంది. కాసేపాగి, "ఆ తళుకులన్నీ ఊడ్చేదెవ్వరు?" అంది. నాసావాళ్లకు ఈ రెండు ప్రశ్నలూ తట్టినట్టు లేదు.

దాని తర్వాత కెమెరా వచ్చింది. మావాడే ఆర్డరు పెట్టాడు, ఒక పిల్లాడొచ్చి గేటు స్తంభానికి బిగించి పోయాడు. అది ఫోనుకు తగులుకుని ఉంటుంది, మా ఫోనుకే కాదు, ఫ్రిస్కోలో మావాడి ఫోనుకు కూడా. తెల్లారి అయిదింటికి పాలాయన గేటు కదిపితే అక్కడ సాయంత్రం అయిదున్నర. "డాడీ, ఎవరో గేటు దగ్గర అనుమానంగా తిరుగుతున్నరు" అని ఫోను. పాలాయన ఇరవై రెండేళ్లుగా అంతే అనుమానంగా తిరుగుతున్నాడు.

వీధికి మాత్రం ఆ కెమెరా ముల్లులా గుచ్చుకుంది. నీలం గేటాయన రెండ్రోజులు పలకలేదు. మూడో రోజు "మా మీద నమ్మకం పోయినట్టుంది సార్" అన్నాడు. అదేం లేదు, పిల్లాడి చాదస్తం అన్నాను. "పోనీలెండి, ఇగ మీకు మేమెందుకు" అని పేపరు మడిచి లోపలికి పోయాడు. కిరాణా కొట్టామె కూడా మా గేటు దిక్కు చూడ్డం మానేసింది. చూస్తే రికార్డవుతుందట. ఇస్త్రీ ఆయన కొరియర్ పిల్లలకు "గా కెమెరా ఇల్లు" అని మాత్రం చెప్పి ఊరుకుంటున్నాడు. ఎనిమిది జతల కళ్లు పోయి, ఒక గాజు కన్ను మిగిలింది.

అంతలో 2024 ఫిబ్రవరి వచ్చింది. 21 నుంచి 24 దాకా మేడారం జాతర. వరంగల్ నుంచి సుమారు వంద కిలోమీటర్లే, అయినా మా ఆవిడ మోకాళ్లు ఆ జనంలోకి ఒప్పుకోలేదు. ఆర్టీసీ వాళ్లు ఆ ఏడు 299 రూపాయలకు అమ్మవార్ల ప్రసాదం ఇంటికే తెచ్చిస్తామన్నారు. బుక్ చేశాను. మేడారంలో బెల్లాన్ని బెల్లమనరు, బంగారమంటారు. మొక్కుకున్నవాళ్లు తమ బరువుకు సమంగా తూచి ఇచ్చేది నిలువెత్తు బంగారం. మా దిక్కు పిల్లలకు కూడా తెలిసిన సంగతి. అయితే మా వీధిలో కొత్తగా అద్దెకొచ్చినవాళ్లున్నారు, తాపీ పనివాళ్లున్నారు, వచ్చేపోయే బండ్లున్నాయి. వాళ్లందరికీ వినపడేలా మా ఆవిడ డాబా మీద బట్టలారేస్తూ, చెంపకూ భుజానికీ మధ్య ఫోను ఇరికించి, జనగామలో ఉన్న వాళ్ల చెల్లెతో మాట్లాడింది.

"బంగారం రేపొస్తదట చెల్లె. ఆ... మా ఇంటికే. ఆయనే తెప్పిస్తున్నడు. లేదే, లాకర్ల ఎందుకు పెడ్తం, నలుగురికీ పంచుతం!"

మర్నాడు పొద్దున తొమ్మిదిన్నరకు డబ్బా వచ్చింది. నేను మంగలి దుకాణంలో సగం గడ్డంతో ఉన్నాను. ఆవిడ ఇంకా తల మీద నీళ్లు పోసుకోలేదు. ప్రసాదం మైల చేత్తో ఎట్లా అందుకుంటుంది? "తులసికోట పక్కన అరుగు మీద పెట్టి పో బాబూ" అని చెప్పి స్నానానికి పోయింది. తల తుడుచుకుంటూ పసుపు, అగరొత్తులు పట్టుకుని వచ్చేసరికి అరుగు మీద అరుగే ఉంది.

కెమెరా ఉందిగా అని ఫోన్లు తీశాం. తొమ్మిది నలభైకి ఒక పెద్ద కోతి స్తంభమెక్కి కెమెరా మీద కూర్చుంది. దాని బరువుకు కెమెరా ఆకాశం దిక్కు తిరిగింది. అక్కణ్నుంచి పదకొండు నిమిషాల పాటు మంచి నీలాకాశం, రెండు కరెంటు తీగలు, అప్పుడప్పుడు ఒక తోక. చివర్లో ఎవరివో చెప్పుల చప్పుడు. ఫ్రిస్కోలో అప్పుడు రాత్రి పది దాటింది, మా వాడు నిద్రపోయాడు. కోతే తీసుకుపోయిందని ఒక వాదం లేచింది గానీ, చెప్పులేసుకునే కోతులు మా దిక్కు లేవు.

వీధి చివర అదాలత్‌లో ప్రాక్టీసు చేసే వకీలు సాబు ఉన్నాడు. చాయ్ తాగుతూ కేసంతా విన్నాడు. "ఐపీసీ 379 కింద మూడేళ్ల దాకా పడొచ్చు సార్. ఇంట్లో దొంగతనమైతే 380, ఏడేళ్ల దాకా. ఇప్పుడు అరుగు ఇంట్లోకొస్తదా, రాదా అనేది పాయింటు." అరగంట ఆ పాయింటు మీదే గడిచింది. లేస్తూ అన్నాడు: "జూలై ఒకటి నుంచి కొత్త చట్టమొస్తుంది. సొత్తు అయిదు వేల లోపుండి, మొదటిసారి దొరికినవాడు సొత్తు తిరిగిచ్చేస్తే సమాజ సేవతో సరి. మీ దొంగ నాలుగు నెలలు తొందరపడ్డడు."

మా ఆవిడ మాత్రం ఏ సెక్షనూ ఎత్తలేదు. గేటు దగ్గర నిలబడి, ఎవరినీ చూడకుండా, కాకతీయ రాజు సైన్యాన్నే ఎదిరించిన తల్లి సొత్తు అది, తిన్నవాళ్లకు అరుగుతదో అరగదో అని గాలితో చెప్పినట్టు నాలుగు మాటలు చెప్పింది. అందులో రెండుసార్లు బెల్లం అన్న మాట కావాలనే గట్టిగా పలికింది.

నాలుగో రోజు తెల్లారి పాలాయన గేటు కదిపాడు. ఫ్రిస్కో నుంచి ఫోను రాలేదు, ఎందుకంటే కెమెరా ఇంకా ఆకాశాన్నే చూస్తోంది. బయటికి వస్తే అరుగు మీద డబ్బా ఉంది. పైన టేపు మళ్లీ అంటించారు, మొదటిదానికంటే నీటుగా. లోపల అమ్మవార్ల ఫోటో, పసుపు, కుంకుమ ఎక్కడివక్కడే ఉన్నాయి. బెల్లం ముద్దకు ఒక మూల చిన్న తునక విరిగి ఉంది. పక్కన కాగితంలో చుట్టిన పదకొండు రూపాయలు. ముద్దను నేను చేత్తో తూచి చూశాను, పోయింది ముప్పయ్యో వంతుకు మించదు.

ఆవిడ ఆ రోజే తలస్నానం చేసి, బెల్లం పలుకులు చేసి, వీధి వీధంతా పంచిపెట్టడానికి బయల్దేరింది. గంట తర్వాత ఖాళీ పళ్లెంతో తిరిగొచ్చి, చెంగు నోటికడ్డం పెట్టుకుని నవ్వుతూ కూలబడింది.

"ఏమైంది?"

"ఒకింట్ల ఆయన బయటికొచ్చి, 'మాకెందుకు మేడం, మొన్ననే తిన్నంగద' అన్నడు. ఆయన పెండ్లాం మోచేత్తోని ఒక్కటి పొడిచింది. గప్పుడు, 'అంటే... పోయిన జాతరప్పుడు' అన్నడు."

"ఎవరింట్లో?"

"నీకెందుకు? పళ్లెం కడుగు."

ఎంత అడిగినా చెప్పలేదు. నా చరిత్ర పాఠాలు వినీ వినీ, ఆధారాలు ఎక్కడ దాచాలో ఆవిడకు బాగా వంటబట్టింది. కెమెరాను మాత్రం మర్నాడు విప్పించి అటక మీద పెట్టించింది. మావాడికి కోతి తెంపిందని చెప్పమంది. నీలం గేటాయన మళ్లీ వాకిట్లో కుర్చీ వేసుకుని పేపరు చదవడం మొదలుపెట్టాడు.

మొన్న మేము పెళ్లికని ఖమ్మం వెళ్తుంటే, కాజీపేట స్టేషన్లో ఆవిడకు ఫోనొచ్చింది. పార్శిల్ పిల్లాడు. ఆవిడ ఓటీపీ ప్లాట్‌ఫారమంతా వినపడేలా చెప్పి, చివర్లో అంది:

"మేం ఊర్ల లేం బాబూ. ఎదురుంగ నీలం గేటింట్ల ఇచ్చి పో. ఏం ఫికరు లేదు, వాళ్లు మస్తు భద్రంగ దాస్తరు."