72వ ర్యాంకు

బీగిల్ జాతి కుక్కకి తెలివిలో 72వ ర్యాంకని చదివిన రోజు నేను వీధిలో స్వీట్లు పంచినంత పని చేశాను. ఎంసెట్‌లో 72 అంటే మాటలా? చౌరస్తాలో ఫ్లెక్సీ కట్టి ఫొటో వేస్తారు. నా ర్యాంకు అయిదంకెలది. పండగపూట ఆ ప్రస్తావన మా ఇంట్లో ఎవరూ తీసుకురారు. ఇన్నాళ్లకి మా ఇంటి నుంచి ఒకరు రెండంకెల్లోకి వచ్చారు కదా అని మురిసిపోతూ కింది లైను చదివాను. ఉన్న ర్యాంకులే మొత్తం 79ట.

ఈ ర్యాంకులిచ్చినాయన స్టాన్లీ కోరెన్. కెనడాలో సైకాలజీ ప్రొఫెసరుగా ఉండేవాడు. కుక్కల పోటీలకు జడ్జీలుగా వెళ్లేవాళ్లని అడిగి తేల్చుకుని 1994లో పుస్తకం వేశాడు. జాబితాలో పైన ఉన్న జాతులకి కొత్త పని అయిదుసార్లలోపు చెబితే చాలు. అట్టడుగు వాటికి 80 నుంచి 100 సార్లు చెప్పాలి. అంత చెప్పినా, మొదటి పిలుపుకి పలికేది నాలుగింట ఒకసారి, అదీ దయ కలిగితే. మా తోడల్లుడి దగ్గర లాబ్రడార్ ఉంది. దానిది ఏడో ర్యాంకు.

ఇంక ఊరుకుంటానా? టైంటేబుల్ వేశాను. పొద్దున సిట్, సాయంత్రం షేక్‌హ్యాండ్, ఆదివారం రివిజన్. ఇంటర్ సెకండియర్ చదువుతున్న మా అమ్మాయి ఫ్రిజ్ మీద అంటించిన ఆ కాగితం చూసి, "నాన్నా, దాన్నయినా వదిలెయ్" అంది.

మా బీగిల్ బూందీకి తెలివి లేక కాదు, ముక్కుతోనే వచ్చింది చిక్కు. వాసన పట్టి కుందేళ్లని తరమడానికని ఇంగ్లండులో తరతరాలుగా పెంచిన జాతి అది. దాన్ని తెచ్చి అపార్ట్‌మెంటు మూడో అంతస్తులో పెట్టాం. నేను ఉడికించిన కోడి లివరు ముక్క చూపించి "సిట్" అంటాను. సరిగ్గా అప్పుడే పై ఫ్లాటువాళ్లు ఎండుచేపలు వేపుతారు. బూందీ కళ్లు మర్యాదకి నా మీదే ఉంటాయి, ముక్కు మాత్రం మెట్లెక్కి వెళ్లిపోతుంది. అది తిరిగొచ్చేలోగా గోడ మీద బల్లి. బల్లి అయ్యాక కుక్కర్ కూత. కూత అయ్యాక, కింద ఆటోలో ఉల్లిపాయలమ్మేవాడి మైకు.

ఒక పనికి ఒకే మాట వాడాలి, అదీ ఒక్కసారే అనాలి, పని చేసిన మరుక్షణం ముక్క నోట్లో పడాలి అంటారు తెలిసినవాళ్లు. మా ఇంట్లో నేను "సిట్", మా ఆవిడ "కూర్చో", మా అమ్మ "కూకోవే తల్లీ". పైగా నాకు ఒక్కసారి అని ఊరుకోవడం చేతకాదు. "సిట్ సిట్ సిట్ సిట్" అని జపం చేస్తాను. నాలుగోది విన్నాకే కూర్చోవాలని బూందీకి అర్థమయింది. మూడింటికి కదలదు. ఇక ముక్క సంగతి. నేను జేబులో చెయ్యి పెట్టి, కవరు ముడి విప్పి, జారిన కళ్లజోడు సర్దుకునేలోపు అది లేచి రెండు చుట్లు తిరిగేది. ముక్క అప్పుడు పడేది. ఇప్పుడు కూర్చోగానే లేచి రెండు చుట్లు తిరుగుతుంది, ఎంతో శ్రద్ధగా. సిలబస్‌లో లేనిది నేర్పిన ఘనత నాదే.

కాస్త ఓదార్పు దొరికింది బ్రెలాండ్ దంపతుల దగ్గర. జంతువులకి విద్యలు నేర్పడంలో వాళ్లు సాక్షాత్తూ సైకాలజిస్టు స్కిన్నర్ శిష్యులు. పందికి చెక్క నాణేలు తీసుకెళ్లి డబ్బాలో వేయడం నేర్పారు. కొన్నాళ్లు బుద్ధిగా వేసింది. తర్వాత నాణేన్ని దారిలోనే పడేసి, ముట్టెతో దొర్లించి, ఎగరేసి ఆడుకోవడం మొదలుపెట్టింది. రకూన్ అయితే రెండు నాణేలూ వదలకుండా చేతుల్లో రుద్దుకుంటూ కూర్చుంది. ఎంత నేర్పినా పుట్టుబుద్ధి వైపు జారిపోతాయని 1961లో వ్యాసం రాశారు. అది మా ఆవిడకి ఉత్సాహంగా చదివి వినిపించాను. ఆవిడ వంకాయలు తరుగుతూనే, "కుక్క సంగతి సరే. రోజూ మీరు ఫ్రిజ్ తలుపు తీసి ఎందుకు తీశానా అని నిలబడతారే, అది ఏ బుద్ధి?" అంది.

పోయిన ఆదివారం తోడల్లుడు వచ్చాడు, ఆత్రేయపురం పూతరేకులతో. సంచి సోఫా పక్కన పెట్టి, "ఏం అన్నయ్యగారూ, మీ బూందీ ఏమైనా నేర్చిందా?" అన్నాడు. ఆ నవ్వు నాకు తెలుసు. షేక్‌హ్యాండ్ అన్నాను. బూందీ నా చెయ్యి దాటి వెళ్లి, సంచిలో ముక్కు దూర్చి, జిప్పు కొసని పళ్లతో పట్టుకుని ఇటు చివర నుంచి అటు చివరకి లాగేసింది. డబ్బా బయటికి తీసి, నా ముందు పెట్టి కూర్చుంది.

అతని నోట మాట రాలేదు. "జిప్పు తీయడం కూడా నేర్పారా! మావాడికి రాదండీ."

మా ఆవిడ వంటగది గుమ్మంలో నిలబడి నా వైపే చూస్తోంది. మా అమ్మాయి ఫోన్‌లోంచి తలెత్తింది.

"కాస్త ఓపిక ఉండాలంతే" అన్నాను.