స్కూలు విదేశీ యాత్రకు తలకిందుల చిట్కాలు

హైదరాబాద్‌లో మాదాపూర్, కొండాపూర్, గచ్చిబౌలి వైపు పెద్ద ప్రైవేటు స్కూళ్లలో పిల్లల్ని చదివించే ఇళ్లకు విదేశీ యాత్ర సర్క్యులర్ రావడం ఇప్పుడు మామూలైంది. సింగపూర్, దుబాయ్, అమెరికాలో నాసా కేంద్రం. డబ్బు కట్టగానే చుట్టాలూ స్నేహితులూ చెప్పే జాగ్రత్తలు అందరికీ తెలిసినవే: అన్నీ చూసిరా, ఫోటోలు తీసుకో, రోజూ వీడియో కాల్ చెయ్యి, తిండి దగ్గర జాగ్రత్త. నేను చెప్పేవి వీటికి సరిగ్గా ఎదురు. వినడానికి తలకిందులుగా ఉన్నా ప్రతి మాటా నమ్మే చెబుతున్నాను. పరాయి దేశంలో పిల్లలు నేర్చుకునేది, మనం వాళ్ల కోసం చెయ్యకుండా వదిలేసిన పనుల్లోంచే.

1. చూసే చోట్లలో సగం కొట్టేయండి

సింగపూర్‌లో సెంతోసా, యూనివర్సల్ స్టూడియోస్, నైట్ సఫారీ, గార్డెన్స్ బై ద బే అన్నీ నాలుగు రోజుల్లో కుక్కితే పిల్లలకు మిగిలేది అలసట. దానికి బదులు రోజూ అవసరమయ్యే ఒక్క సంగతి పట్టుకోమనండి. ఉదాహరణకు నీళ్లు. సింగపూర్ 1962 నాటి ఒప్పందం ప్రకారం మలేషియాలోని జొహోర్ నుంచి నీళ్లు తెచ్చుకుంటోంది. ఆ ఒప్పందం గడువు 2061లో తీరిపోతుంది. అందుకే వాన నీటిని పట్టి నిలవ చేస్తుంది, సముద్రపు నీటిలో ఉప్పు తీసేస్తుంది, వాడిన నీటిని శుద్ధి చేసి 2003 నుంచి ‘న్యూవాటర్’ పేరుతో మళ్లీ వాడుకుంటోంది. పిల్లలు ఒక పూటంతా ఆ వాన నీటిని ఆపే మెరీనా బరాజ్ దగ్గర గడపాలి. తిరిగొచ్చాక మన గండిపేట చెరువుకు, అంటే ఉస్మాన్ సాగర్‌కు, తీసుకెళ్లండి. 1908 మూసీ వరద తర్వాత కట్టిన ఉస్మాన్ సాగర్ 1920లో, హిమాయత్ సాగర్ 1927లో పూర్తయ్యాయి. ఇంత కట్టుకున్న ఊళ్లో వేసవి రాగానే మన అపార్ట్‌మెంట్ గేటు ముందు ట్యాంకర్ ఎందుకు ఆగుతోందని అప్పుడు పిల్లలే అడుగుతారు.

2. టూరిస్టు బస్సు వద్దనండి

సింగపూర్‌లో ఎంఆర్‌టీ రైళ్లు 1987 నుంచి నడుస్తున్నాయి. నలుగురేసి పిల్లలకు ఒక మ్యాపు ఇచ్చి దారి వాళ్లనే వెతుక్కోనివ్వాలి. టీచర్ వెనకాలే ఉండాలి కానీ, ప్రమాదమైతే తప్ప నోరు విప్పకూడదు. తప్పు స్టేషన్లో దిగితే దిగనివ్వండి. సాధన మాత్రం ఇక్కడే మొదలుపెట్టండి: రాయదుర్గంలో మెట్రో ఎక్కి, అమీర్‌పేటలో మారి, ఎల్బీనగర్ దాకా వెళ్లి రమ్మనండి. హైటెక్ సిటీని కారు కిటికీలోంచే చూసి పెరిగిన పిల్లలకు టికెట్ తీసుకోవడం దగ్గర్నుంచీ పాఠమే.

3. వీడియో కాల్ చెయ్యకండి

రోజుకు ఒక్కసారి, అందరూ క్షేమమని టీచర్ దగ్గర్నుంచి మెసేజ్ వస్తే చాలు. ‘తిన్నావా, పడుకున్నావా’ అని మీరు గంటకోసారి అడుగుతుంటే బిడ్డ సింగపూర్‌లో ఉన్నా మీ డ్రాయింగ్ రూమ్‌లో ఉన్నట్టే. పిల్లల్ని నమ్మి వదిలితే ఏం చెయ్యగలరో చూడండి: నిజామాబాద్ జిల్లా పాకాలకు చెందిన మాలావత్ పూర్ణ 2014 మే 25న ఎవరెస్ట్ ఎక్కింది. అప్పటికి ఆమె వయసు పదమూడేళ్ల పదకొండు నెలలు. సాంఘిక సంక్షేమ గురుకుల విద్యార్థిని. మరో గురుకుల విద్యార్థి ఆనంద్ కుమార్‌తో కలిసి టిబెట్ వైపు నుంచి ఎక్కింది. అంతకు ముందు భువనగిరి గుట్ట మీద గట్టి శిక్షణ ఉంది. ముందు నేర్పించారు, తర్వాత నమ్మి పంపారు. మనమూ అలాగే చెయ్యాలి.

4. ఆవకాయ సీసా పెట్టకండి

మందులు పెట్టండి, పడని తిండి ఏమిటో టీచర్‌కు రాసివ్వండి. అంతే. పులిహోర పొడీ, కప్పు నూడుల్సూ వద్దు. సింగపూర్ హాకర్ సెంటర్లలో చైనా, మలయ్, తమిళ వంటలు పక్కపక్కనే దొరుకుతాయి. ఆ హాకర్ సంస్కృతిని యునెస్కో 2020లో తన వారసత్వ జాబితాలో చేర్చింది. మాంసం తినని పిల్లలు ‘ఇందులో ఏముంది?’ అని అడిగి తెలుసుకుని తినడం కూడా చదువే. తిన్న ట్రే తీసి పెట్టకుండా వెళ్లిపోతే అక్కడ జరిమానా వేయొచ్చు. ఇంట్లో కంచం తియ్యని పిల్లలకు ఆ ఒక్క పని చేతికి అలవాటైనా ఖర్చు దక్కినట్టే.

5. డబ్బు తక్కువ ఇవ్వండి

చుట్టాల కోసం చాక్లెట్లు, సెంట్లు, ఫోన్ కవర్లు రాసిన జాబితా చించెయ్యండి. కొద్దిగా డబ్బిచ్చి, ఏ పూట దేనికి ఎంత అయిందో చేత్తో రాయమనండి. చాలని డబ్బుతో రోజు గడిపితేనే డాలరుకూ రూపాయికీ తేడా పిల్లలకు నిజంగా తెలుస్తుంది.

6. గొప్పలు రాయించకండి

‘అక్కడి రోడ్లు శుభ్రం, మనుషులు క్రమశిక్షణ గలవాళ్లు’ అనే వ్యాసం ఇక్కడ కూర్చునీ రాయొచ్చు. మూడు ప్రశ్నలకు జవాబు తెమ్మనండి. ఈ పని ఎవరు చేస్తున్నారు? డబ్బు ఎవరు కడుతున్నారు? ఇష్టం లేనివాళ్లు ఏమంటున్నారు? దుబాయ్ వెళితే ఇది మరీ ముఖ్యం. 828 మీటర్ల బుర్జ్ ఖలీఫాను తలెత్తి చూసే పిల్లలు, జగిత్యాల, సిరిసిల్ల, నిజామాబాద్ పల్లెల నుంచి గల్ఫ్‌కు పనికి వెళ్లినవాళ్ల గురించీ తెలుసుకోవాలి. వాళ్లలో ఒకరితో తెలుగులో పది నిమిషాలు మాట్లాడించండి. ఎన్నేళ్లకోసారి ఇంటికొస్తారో, అప్పు చేసి వచ్చారో లేదో పిల్లలు నేరుగా వింటారు. ఏ గైడూ చెప్పని పాఠం అది.

7. వెళ్లలేని పిల్లలకు మొదటి కుర్చీ వెయ్యండి

స్థోమత లేక ఆగిపోయిన పిల్లలు అదే క్లాసులో ఉంటారు. తిరిగొచ్చినవాళ్లు ముందు వాళ్లకు చెప్పాలి, వాళ్ల ప్రశ్నలకు జవాబివ్వాలి. సెల్ఫీలు చూపించడం దీని కిందికి రాదు. 2023 సెప్టెంబరులో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వ బడుల పిల్లలు పది మంది న్యూయార్క్‌లో ఐక్యరాజ్యసమితి కార్యాలయం దాకా వెళ్లొచ్చారు. అవకాశం ఇవ్వాలే కానీ, ఫీజు కట్టగలవాళ్లకే విదేశం దక్కాలన్న రూలేమీ లేదు. ఇన్ని కంపెనీలున్న ఈ ఐటీ కారిడార్‌లో ప్రతి ప్రైవేటు స్కూలూ తన యాత్రలో పక్కనున్న సర్కారు బడి పిల్లలకు రెండు సీట్లు ఉంచగలదు.

తల్లిదండ్రులారా, ఈసారి సర్క్యులర్ వచ్చినప్పుడు ఎన్ని చోట్లు చూపిస్తారని అడగకండి. మా పిల్లల్ని ఏయే పనులు వాళ్లంతట వాళ్లు చేసుకోనిస్తారని అడగండి. జవాబు లేకపోతే సంతకం పెట్టకండి.