అప్‌డేట్ మామ

సూర్యాపేటలో బస్సెక్కి మునగాలలో దిగితే, ఏ ఫొటో స్టూడియోలోనో ఫ్లెక్సీ దుకాణంలోనో ఈయన తప్పకుండా తగులుతాడు. ఇలాంటివాళ్లు కోదాడలోనూ ఉన్నారు, మిర్యాలగూడ రైస్ మిల్లుల ఆఫీసు గదుల్లోనూ ఉన్నారు. అయినా మునగాల సరుకు వేరు. చుట్టూ నిజాం రాజ్యం ఉన్న రోజుల్లో ఈ పరగణా ఇంగ్లీషువాళ్ల కృష్ణా జిల్లాలో ఉండేది. ఇక్కడి జమీకి దివానుగా పనిచేసిన కొమర్రాజు లక్ష్మణరావు తెలుగుకు విజ్ఞాన సర్వస్వం తలపెట్టి, పూర్తి కాకుండానే 1923లో కన్నుమూశారు. మిగిలిన సంపుటాలు తన బుర్రలో ఉన్నాయన్నట్టే నడుస్తాడు మామ.

ఏ రోగానికైనా ఆయన దగ్గర మందొక్కటే. ప్రింటరు గీతలు కొడుతోందా? గ్రాఫిక్స్ డ్రైవర్ పాతదై ఉంటది. నెట్ నడుస్తలేదా? అదే. వోల్టేజీ పడిపోయి కంప్యూటర్ ఆరిపోతే, మనం కరెంటోళ్లను తిట్టేలోపే డ్రైవర్ తేదీ అడుగుతాడు.

మొన్న పెళ్లిళ్ల సీజన్‌లో స్టూడియో కుర్రాడికి ఒక చిక్కొచ్చింది. పెళ్లి వీడియో సరిగ్గా తాళి కట్టే చోటికి రాగానే ఆగిపోతోంది. సీ డ్రైవ్ నిండి ఎర్రగీత పడింది. మామ అటు చూస్తేగా! మౌసు లాక్కున్నాడు. స్టార్ట్ గుర్తు మీద రైట్ క్లిక్, డివైస్ మేనేజర్, డిస్‌ప్లే అడాప్టర్స్, కార్డు పేరు మీద మళ్లీ రైట్ క్లిక్, ప్రాపర్టీస్, డ్రైవర్ ట్యాబ్. ఇంతవరకు వంక పెట్టడానికి లేదు, చూసుకునే పద్ధతి అదే. చూసి ఊరుకుంటే ఆయన మామ ఎందుకవుతాడు?

"ఇంకా 2021లోనే ఉన్నవారా!" అన్నాడు, కుర్రాడు ఇంటిపన్ను ఎగ్గొట్టినట్టు.

కార్డు జీటీ 710. ఈ కెప్లర్ రకం కార్డులకు ఎన్విడియా 2021 అక్టోబరు నుంచే కొత్త గేమ్ రెడీ డ్రైవర్లు ఆపేసింది. ఆ తర్వాత 2024 సెప్టెంబరు దాకా వచ్చినవి భద్రతా లోపాల సవరణలే. అంటే ఆ సవరణలు తప్ప మామ వెతికే కొత్త డ్రైవర్ భూమ్మీద లేదు. అప్‌డేట్ డ్రైవర్ నొక్కితే విండోస్ కూడా ఉన్నదే మంచి డ్రైవర్ అంది.

"అది అట్లనే అంటది," అని కొట్టిపారేసి, ఉన్న డ్రైవర్‌ను అన్ఇన్‌స్టాల్ కొట్టాడు. ఫైళ్లతో సహా తీసేయమనే గడిలో టిక్కు కూడా పెట్టాడు. వెనక్కి తెచ్చుకునే రోల్ బ్యాక్ దారి దాంతో మూసుకుపోయింది. తర్వాత ఎక్కడో ‘ఉచితం’ అని మెరిసే బటన్ నొక్కి ఏదో దించాడు. ఆ ఫైలు, ఈ కార్డు నాకు పడదు పొమ్మంది.

తెరమీద ఐకాన్లు అరిసెలంత అయ్యాయి. పెళ్లికూతురి ముఖం అడ్డంగా సాగింది. డివైస్ మేనేజర్‌లో కార్డు పేరు పోయి ‘మైక్రోసాఫ్ట్ బేసిక్ డిస్‌ప్లే అడాప్టర్’ అని వచ్చింది. డ్రైవర్ లేనప్పుడు విండోస్ నడిపే ఆపద్ధర్మ ప్రభుత్వం అది. మామ బెదరలేదు.

"సెట్టవుతది. ముందు చాయ్ తాగొస్తా."

ఆయన రోడ్డు దాటేదాకా ఆగి కుర్రాడు డీ డ్రైవ్ తెరిచాడు. అందులో ఒక ఫోల్డర్, పేరు ‘మామ పోయినాక’. పాత డ్రైవర్ సెటప్ ఫైలు దాంట్లో భద్రంగా ఉంది. అది ఎక్కించి, రీస్టార్ట్ చేసి, పోయినేడు పెళ్లిళ్ల సామాను సీ డ్రైవ్‌లోంచి బయటికి మార్చాడు. తాళి పడింది, అక్షింతలు పడ్డాయి, వీడియో ఎక్కడా ఆగలేదు.

మామ మూతి తుడుచుకుంటూ వచ్చి తెర వంక చూశాడు.

"చూసినవా? అప్‌డేట్ అంటే అట్లుంటది."

స్టూడియో ఓనరు లేచి కుర్చీ వేశాడు. చాయ్ డబ్బులు కూడా ఆయనే పంపాడు. పక్కనున్న ఫ్లెక్సీ దుకాణం అబ్బాయి తల బయటపెట్టి చూసి, మామ ఇటే వస్తాడని షట్టర్ సగం దించేశాడు.