చీపురే గీటురాయి

ఇటలీలోని బొల్జానోలో మ్యూజియాన్ అని ఒక ఆధునిక కళల మ్యూజియం ఉంది. 2015 అక్టోబరులో ఒకరోజు ఊడ్చేవాళ్లు వచ్చేసరికి నేలంతా ఖాళీ షాంపేన్ సీసాలు, సిగరెట్ పీకలు, రంగుకాగితాల ముక్కలు. ఎవరో రాత్రి విందు చేసుకుని ఎక్కడివక్కడ వదిలేసి పోయారనుకున్నారు. తిట్టుకున్నారో లేదో గానీ, గాజు వేరుగా కాగితం వేరుగా సంచుల్లోకి ఎత్తి, నేల తుడిచి వెళ్లారు. తీరా చూస్తే అది 1980ల నాటి విలాసాల మీద ఇద్దరు కళాకారిణులు చేసిన ఇన్‌స్టలేషనట. మ్యూజియం వారు లబోదిబోమంటూ సంచులు విప్పి, ఆ చెత్తనంతా మళ్లీ భక్తిశ్రద్ధలతో నేల మీద పరిచారు. దేనికది వేరు చేసి ఉండబట్టి పని సులువైందట. పోసినవాళ్ల కన్నా ఎత్తినవాళ్లకే పద్ధతి తెలుసు!

ఇదొక్కటే అయితే పొరపాటనుకోవచ్చు. డ్యూసెల్‌డార్ఫ్ కళా అకాడమీలో జోసెఫ్ బాయిస్ గోడ మూలకు మెత్తిన ఐదు కిలోల వెన్నను 1986లో గీకి పారేస్తే, వ్యవహారం కోర్టుకెక్కి, ప్రభుత్వం 40,000 మార్కులు చెల్లించుకుంది. మన దగ్గర వెన్న మాయం చేసిన పిల్లాణ్ణి రోటికి కట్టేసి సరిపెట్టారు. 2011లో డోర్ట్‌మండ్‌లో మార్టిన్ కిపెన్‌బెర్గర్ కళాఖండంలోని రబ్బరు తొట్టికి ఏదో మరక ఉందని ఒకావిడ నిగనిగలాడేలా తోమింది. ఆ మరకే కళ. ఖండం బీమా విలువ 8 లక్షల యూరోలు. మా ఇంట్లో తోమని తొట్టికి పడే విలువ వేరు.

నాకు మహా ఇష్టమైనది 2004 నాటి లండన్ సంగతి. తనను తాను నాశనం చేసుకునే కళ అన్నది గుస్తావ్ మెట్జ్‌గర్ సిద్ధాంతం. టేట్ బ్రిటన్‌లో ఆయన ప్రదర్శనలో భాగమైన చెత్త సంచిని శుభ్రం చేసేవాళ్లు తీసుకెళ్లి పారేశారు. సిద్ధాంతాన్ని అంత నిష్ఠగా ఆచరించినవారికి శాలువా కప్పాలి కదా? లేదు. ఆయన ఇంకో సంచి పెట్టాడు.

పారేసిన వస్తువు మీద నాకేం పేచీ లేదు. చండీగఢ్‌లో నేక్‌చంద్ అనే రోడ్ల ఇన్‌స్పెక్టరు పగిలిన గాజులు, పింగాణీ పెంకులు, కూల్చిన ఊళ్ల శిథిలాలు మోసుకొచ్చి, సర్కారు కళ్లుగప్పి ఏళ్ల తరబడి ఒక లోకమే కట్టాడు. 1976లో దాన్ని జనానికి తెరిచారు. అక్కడ ఏది ఊడవాలో, ఏది ఊడవకూడదో చీపురు పట్టినవారికి ఎవరూ చెప్పనక్కర్లేదు. నా పేచీ అల్లా గోడ మీది అట్టముక్కతో. ‘వినియోగ సంస్కృతిని ప్రశ్నిస్తుంది’, ‘శూన్యంతో సంభాషిస్తుంది’ అని రాసి ఉంటుంది చూడండి, అది. సీసా ఏమీ మాట్లాడదు గనక అట్టముక్కే వకాల్తా పుచ్చుకుంటుంది. 1917లో మార్సెల్ దుషాంప్ మూత్రశాల బేసిన్‌ను తిరగేసి, ‘ఆర్. మట్’ అని దొంగ సంతకం గీకి పంపినప్పుడు అందులో కొంటెతనం ఉంది. పెద్దలు దాన్ని ప్రదర్శనకు పెట్టనివ్వలేదు కూడా. ఇప్పుడు పెద్దలే ఎదురెళ్లి తెచ్చుకుంటున్నారు. ఒకే జోకు నూరేళ్లు చెబితే పెళ్లివారైనా నవ్వుతారా?

ఇక అరటిపండు. 2019లో మయామీలో మౌరిజియో కత్తెలాన్ ఒక పండును టేపుతో గోడకు అంటించి 1,20,000 డాలర్లకు పెట్టాడు. అమ్మింది పండును కాదండోయ్, ధ్రువపత్రాన్ని. పండు కుళ్లితే ఇంకోటి ఎలా అంటించుకోవాలో కూడా సూచనలిస్తారు. నేల మీద లేని పొలానికి పాసుపుస్తకం చూపించి లోను తెచ్చుకున్న ఘనుల్ని ఎరిగిన మనకు ఇదేమంత కొరుకుడుపడని సిద్ధాంతం కాదు. 2024 నవంబరులో న్యూయార్క్ సోథెబీస్ వేలంలో అదే కళ 62 లక్షల డాలర్లు పలికింది. కొన్న క్రిప్టో వ్యాపారి జస్టిన్ సన్ హాంకాంగ్‌లో విలేకరులను పిలిచి, వాళ్ల ముందే ఒలుచుకు తిన్నాడు. మామూలు పళ్ల కన్నా రుచిగా ఉందన్నాడు. పండు కడుపులోకి పోయింది, కాగితం భద్రంగా ఉంది. తొక్క ఎత్తడానికి వచ్చినవాళ్లు మాత్రం, ముందు జాగ్రత్తగా, దాని పక్కన అట్టముక్క ఏమైనా ఉందేమోనని వెతికి ఉంటారు.