కేబుల్ తీసేస్తున్నారా? తక్కువ స్పీడు నెట్టే పెట్టించండి

భీవండి పక్కన మా పూర్ణలో ఎవరు కేబుల్ మానేసి నెట్ పెట్టిస్తామన్నా చుట్టుపక్కల వాళ్లు చెప్పే మాట ఒక్కటే. వంద ఎంబీపీఎస్ తీసుకో, పెద్ద స్మార్ట్ టీవీ కొను, వంటింటి మూల దాకా వైఫై అందేలా చూసుకో అని. నేను చెప్పేది ఉల్టా. దొరికిన ప్లాన్లలో అన్నిటికంటే తక్కువ స్పీడుది తీసుకోండి. రౌటర్ నుంచి టీవీకి ల్యాన్ వైరు ఒక్కటి లాగించి, వైఫై ఆపేయించండి. పెట్టడానికి వచ్చిన అబ్బాయి వింతగా చూస్తాడు. చూడనివ్వండి. కొన్ని రౌటర్లకు వైఫై బటన్ ఉంటుంది. లేకపోతే సెట్టింగుల్లోకి వెళ్లి 2.4, 5 గిగాహెర్ట్జ్ వైఫైలు రెండూ ఆపమనండి.

మేమూ ముందు అందరి మాటే విన్నాం. వారం తిరగకముందే ఇల్లు ముక్కలైంది. మా చిన్నోడు మెట్ల మీద, పెద్దది పరుపు మీద, మా ఆయన కార్ఖానా నుంచి వచ్చి గోడకు ఆనుకుని, ఎవరి ఫోన్ వాళ్లది, ఎవరి ఇయర్‌ఫోన్లు వాళ్లవి. టీవీ ముందు అత్తమ్మ ఒక్కతే మిగిలింది.

కేబుల్ ఉన్నప్పుడు ఏడున్నరకు సీరియల్ వస్తే అందరం అక్కడే. అత్తమ్మ చిక్కుడుకాయల ఈనెలు తీస్తూ తెర మీది మనిషితోనే కొట్లాడేది: "అగో, మళ్లీ అబద్ధమాడుతాంది సూడు." ఒకరోజు చిన్నోడు అడిగాడు: "నానమ్మా, ఆడబిడ్డ అంటే ఏంది?" అత్తమ్మ చేతిలో చిక్కుడుకాయ పట్టుకునే, "మీ నాయన చెల్లె ఉంది గదా, కరీంనగర్ల, ఆమె మీ అమ్మకు ఆడబిడ్డ" అంది. వాడికి బళ్లో మరాఠీ, గల్లీలో హిందీ. సాంచాలు, అంటే మరమగ్గాలు, నడపడానికి మనవాళ్లు భీవండి వచ్చి రెండు మూడు తరాలైంది. పద్మనగర్‌లో ఉన్న పిల్లలకు వీధిలోనైనా తెలుగు వినబడుతుంది. పూర్ణలో గోదాముల మధ్య ఉండే మా పిల్లలకు ఇంట్లో వినబడితేనే తెలుగు. చెవుల్లో ఇయర్‌ఫోన్లు పెట్టుకున్న పిల్లవాడు అలాంటి మాటకు అర్థం ఎవరిని అడుగుతాడు?

ఇక స్పీడు సంగతి. మంచి హెచ్‌డీ బొమ్మకు 5 ఎంబీపీఎస్ చాలు. 30 ఎంబీపీఎస్ ప్లానే మనకు ఎక్కువ, మిగిలింది మళ్లీ ఫోన్లకే పోతుంది, అందుకే వైఫై కూడా ఆపమంటున్నాను. పిల్లల చదువుకు కావాలంటే ఒక గంట తెరవండి, టీవీ ఉన్న గదిలోనే కూర్చోబెట్టండి.

యాప్‌లు అన్నీ కొనకండి. 2019 ఫిబ్రవరి 1 నుంచి ట్రాయ్ పెట్టిన పద్ధతిలో కేబుల్‌కు మొదట 130 రూపాయల దాకా, పన్నుతో 153, ఆపైన డబ్బు కట్టి చూసే ఛానళ్లకు వేరే కట్టాల్సి వచ్చింది. తెలుగువి విడిగా అడిగి వేయించుకున్నాం. నెట్‌లోనూ అదే తంతు. స్టార్ మా కావాలంటే జియోహాట్‌స్టార్, జీ తెలుగుకు జీ5, జెమినీకి సన్ నెక్స్ట్, ఈటీవీకి ఈటీవీ విన్. సినిమాలకని ఆహా కూడా చేరిస్తే కేబుల్ మీద మిగిలిందంతా అటే పోతుంది. ఇంట్లో పెద్దామెను అడగండి, ఆమె ఏ సీరియల్ చూస్తే ఆ యాప్ ఒక్కటే కొనండి. మిగతా వాళ్లు అదే చూడాలి. ఇది పిల్లలకు నచ్చదని నాకు తెలుసు.

టీవీలో రాకముందే ఎపిసోడ్ చూపిస్తామని కొన్ని యాప్‌లు ఆశపెడతాయి. ఆ జోలికి పోకండి. నాలుగు ఎపిసోడ్లు ఒక్కసారే చూడకండి. ఏడున్నర అంటే ఏడున్నరే. రాత్రి పాళీ వాళ్లకు మాత్రం మినహాయింపు. పన్నెండు గంటలు సాంచాల మోతలో నిలబడి పొద్దున ఇంటికొచ్చిన మనిషికి రాత్రి పోయిన ఎపిసోడ్ తనకు వీలైన వేళ దొరకడం నెట్ చేసిన మేలు, కేబుల్ ఇవ్వలేనిది. అన్నం పెట్టి పక్కన కూర్చుని మీరూ రెండోసారి చూడండి.

క్రికెట్ రోజు ఇంట్లో చూడకండి. నెట్‌లో బొమ్మ కేబుల్ కంటే వెనక వస్తుంది. మన తెర మీద బౌలర్ ఇంకా పరుగెత్తుతుంటే పక్కింటి ఖోలీలో వికెట్ అరుపు వినబడుతుంది. వడాపావ్‌లు కట్టించుకుని కేబుల్ ఉన్న ఆ ఇంటికే పోండి. అందుకే చాలి వరసలో ఒక్క ఇంట్లోనైనా కేబుల్ ఉండనివ్వమంటాను. అందరూ ఒకేసారి తీసేయకండి, వంతులు వేసుకోండి.

పెద్ద టీవీ వద్దు. పాత టీవీకి హెచ్‌డీఎంఐ రంధ్రం ఉంటే చిన్న ఆండ్రాయిడ్ డబ్బా తగిలించండి, ల్యాన్ వైరు పెట్టే చోటు దానికి ఉందో లేదో కొట్లోనే చూసుకోండి. చిన్న తెర అయితే దగ్గరగా కూర్చుంటారు. రిమోట్ పెద్దామె చేతికివ్వండి. దాని మీద మైకు బొమ్మ ఉన్న బటన్‌కు ఎర్ర నూలు పోగు కట్టండి, మా అత్తమ్మకు అలాగే కట్టాను. భాష తెలుగు పెట్టి ఉంటే ఆమె నొక్కి పేరు చెబుతుంది, యూట్యూబ్ వెతికి పెడుతుంది. మొదటి రోజు ఆమె "కొంచెం గట్టిగ పెట్టు బిడ్డా" అని కూడా దానికే చెప్పింది.

పాత సెట్‌టాప్ బాక్స్ తిరిగిచ్చేటప్పుడు రసీదు రాయించుకోండి. గోడలోని కేబుల్ వైరు మాత్రం పీకకండి, చుట్టి మేకుకు తగిలించండి. వచ్చే ఏడు కేబుల్ పెట్టుకునే వంతు మీది కావచ్చు.