చదివింపుల పుస్తకంలో లేని పద్దు

ఐ.పోలవరం మండలంలో దేవుడికి కూడా పెళ్లి పనుల్లోంచి తీరిక దొరకదు. మురమళ్లలో భద్రకాళీ సమేత వీరేశ్వరస్వామికి ఏడాది పొడుగునా నిత్యకల్యాణమే. సంబంధం కుదరని పిల్లల పేరున ఆ కల్యాణం జరిపిస్తే ఇట్టే కుదురుతుందని నమ్మకం. గోదావరి దాటితే యానాం. 1929లో శారదా చట్టం వచ్చి బాల్యవివాహాలకు అడ్డుపడితే, బ్రిటిష్ పాలనలో ఉన్న మనవాళ్లు ఫ్రెంచివాడి గడ్డ మీదికి వెళ్లి తాళి కట్టించుకుని వచ్చేశారు. ఆ ఊరికి కల్యాణపురమని పేరే పడిపోయింది. పెళ్లి చేయడానికి ఏరునీ చట్టాన్నీ ఒకే ఊపులో దాటిన జాతి మనది. ఆ పెళ్లి తెగిన రోజున మాత్రం పెద్దమనిషిగారి వరండాలో నాలుగు ప్లాస్టిక్ కుర్చీలు దాటి ముందుకు పోలేం.

"ఆయ్, కోర్టులెందుకండీ, పరువు పోద్ది. లెక్క చూసి తేల్చేద్దాం" అంటారు పెద్దలు. పోయే పరువు ఎవరిదో తర్వాత చూద్దాం. ముందు ఆ లెక్కేదో చూద్దాం.

పెళ్లి పందిట్లో లెక్కలకేం లోటు లేదు. ఓ మూల బల్ల వేసుకుని, పైసా తేడా రానివ్వని బంధువొకాయన చదివింపుల పుస్తకం పట్టుకు కూర్చుంటాడు. కేశనకుర్రు మావయ్యగారు ఐదొందల పదహార్లు, ఎదుర్లంక బాబాయిగారు స్టీలు బిందె. పదేళ్ల తర్వాత వాళ్లింట్లో శుభకార్యమైతే అదే పుస్తకం దుమ్ము దులిపి, అంతకు తగ్గకుండా చదివించి వస్తాం. అదే పందిట్లో పెళ్లికూతురి ఒంటి మీదున్న బంగారానికి మాత్రం పద్దు ఉండదు. పసుపుకుంకుమల కింద రాసిస్తామన్న అరెకరం కొబ్బరితోటకు నోటిమాటే దస్తావేజు. భూమిని కానుకగా ఇస్తే రిజిస్టరు చేయాల్సిందేనని ఆస్తి బదిలీ చట్టం 1882 నుంచీ మొత్తుకుంటోంది, మనం ఇంకా విననే లేదు.

వరకట్న నిషేధ చట్టం కింద 1985లో కొన్ని నిబంధనలు చేశారు. పెళ్లికి వచ్చిన కానుకలు ఒక్కొక్కటీ జాబితా రాయాలి. వస్తువు, సుమారు ఖరీదు, ఇచ్చినవారి పేరు, చుట్టరికం చూపించి వధూవరులు సంతకాలు పెట్టాలి. పురోహితుడిచ్చే సామాన్ల చీటీలో తమలపాకుల కట్టలు కూడా లెక్కగా ఉంటాయి. ఈ కానుకల జాబితా మాత్రం మీరెక్కడైనా చూశారా? కట్నం ఇవ్వడమే నేరం కనక నగదు రాయలేదనుకుందాం. బంగారం రాయడానికి చెయ్యెందుకు రాలేదు?

ఇక అబ్బాయిగారి ఆస్తి. సంబంధం మాట్లాడేటప్పుడు నాలుగెకరాల తోట, రెండు రొయ్యల చెరువులు, రోడ్డు పక్కన డాబా, అబ్బాయి పేరునే కారు. మనోవర్తి కేసు పడిన మర్నాడు తోట నాన్నగారిది, చెరువు లీజుది, అదీ వైరస్ వచ్చి పోయింది, కారు బావమరిదిది. వరుడుగారు రోజుకూలీ! ఇంత వేగంగా ఆరిపోయిన చెరువును మత్స్యశాఖ వాళ్లు కూడా చూసి ఉండరు. ఈ అంతర్ధాన విద్య దేశమంతటా ఉందని గ్రహించే, సుప్రీంకోర్టు 2020 నవంబరులో రజనీష్–నేహా కేసులో మనోవర్తి అడిగినా, ఇవ్వనన్నా, ఇద్దరూ ఆస్తులు, అప్పులు, ఆదాయం ప్రమాణపత్రంలో రాసివ్వాలంది. భరణం కూడా అర్జీ పెట్టిన తేదీ నుంచే లెక్కకట్టాలంది. వరండా పంచాయతీలో ప్రమాణపత్రం అడిగేవారుండరు. అక్కడ "పాపం, వాడికేముందండీ" అన్న నిట్టూర్పే ఆడిట్ రిపోర్టు.

గల్ఫ్ ఇళ్ల సంగతి ఇంకా వింత. కోనసీమ ఆడవాళ్లు కువైట్‌లోనూ మస్కట్‌లోనూ పరాయి ఇళ్లలో అంట్లు తోమి పంపిన డబ్బుతో ఇక్కడ డాబాలు లేచాయి. స్థలం మామగారిది, కరెంటు మీటరు మొగుడిది, గోడల రంగు ఆడపడుచు ఎంపిక. కాపురం చెడిన నాడు ఆవిడకి చెప్పే మాట ఒక్కటే: "స్థలం మాదమ్మా." విడాకులైనంత మాత్రాన మొగుడి పేరున పోగైన ఆస్తిలో భార్యకు సగం ఇమ్మనే చట్టం మనకు లేదు. ఆవిడ వాదనకు మిగిలే ఆధారం డబ్బు పంపిన రసీదులే. అవెక్కడున్నాయంటే, అత్తగారి బీరువాలో!

అన్నీ తేల్చాక వంద రూపాయల స్టాంపు కాగితం మీద రెండు సంతకాలు, నలుగురు సాక్షులు. ఇటు ఓ లక్ష, అటు ఓ దండం, కాఫీలు. వాళ్ల కులంలో అలాంటి విడాకుల ఆచారం ఉందని రుజువు చేయగలిగితే తప్ప ఆ కాగితం చెల్లదు. దాన్ని నమ్మి రెండో తాళి కట్టినవాడికి ఏడేళ్ల దాకా జైలు రాసుంది. మధ్యవర్తికి మాత్రం కాఫీతో సరి. పరస్పర అంగీకార విడాకులకు ఏడాది విడిగా ఉండాలి, పిటిషన్ వేశాక ఆర్నెల్లు ఆగాలి. ఈ ఆర్నెల్లనూ తగిన కేసుల్లో మినహాయించవచ్చని 2017లోనే సుప్రీంకోర్టు చెప్పింది. "కోర్టుకెళ్తే ముసలివాళ్లమైపోతాం" అనే పెద్దలకు ఈ కబురు ఇంకా చేరినట్టు లేదు.

అసలు తమాషా చివర్లో ఉంది. పంచాయతీలో తెగిన ఆ లక్ష ఎవరి చేతిలో పెడతారు? పిల్ల తండ్రి చేతిలో. స్త్రీధనం పూర్తిగా ఆమెదే, అత్తవారు దాన్ని కాపలాకాసే వాళ్లు మాత్రమే, తిరిగివ్వకపోతే నేరమని 1985లోనే ప్రతిభారాణి కేసులో తేలింది. పుట్టింటివారికీ అంతేనని 2024 ఆగస్టులో తెలంగాణ నుంచి వెళ్లిన కేసులో చెప్పారు. కూతురు అడగమనకుండా, విడాకులైన అల్లుడి తల్లిదండ్రుల మీద తండ్రి నగల కోసం పెట్టిన కేసును సుప్రీంకోర్టు కొట్టేసింది. నగలు అత్తవారివీ కావు, నాన్నవీ కావు. ఈ ఒక్క ముక్కా ఒప్పుకుంటే వరండాలో కుర్చీలు సగం ఖాళీ అవుతాయి.

కనక అమ్మలూ, రసీదులు మీ బీరువాలోకి తెచ్చుకోండి. బ్యాంకు స్టేట్‌మెంటు, నగల బిల్లులు, పెళ్లి ఫొటోలు ఒక చోట పెట్టుకోండి. 1987 నాటి న్యాయసేవల చట్టం ప్రకారం ఆదాయంతో నిమిత్తం లేకుండా ఏ స్త్రీకైనా ఉచితంగా వకీలును ఇవ్వాలి. ఆ సాయం అడగడానికి నెంబరు 15100.